కార్డు లేని ఇంట్లో కూడా ఆకలి ఉంటుంది



అది 2020 ఏప్రిల్ నెల. లాక్‌డౌన్ వచ్చి మూడు వారాలు దాటింది. ములుగు రోడ్డు మీద పోలీసులు తప్ప మనుషులు కనబడని రోజులు. ఒక మధ్యాహ్నం కూరగాయల ఆటోలో ఒక తల్లి రెండేళ్ల బిడ్డను చంకన వేసుకొని మా ఆసుపత్రి గేటు దగ్గర దిగింది. మిరప చేను రైతు ఎవరో దయతలచి ఆటో ఎక్కించాడట. చీటీ రాసే కిటికీ దగ్గర మా వాళ్లు అలవాటు ప్రకారం అడిగారు: "ఆధార్ కార్డు తెచ్చినవా అమ్మా? ఫోన్ నంబరు చెప్పు." ఆమె ఏమీ మాట్లాడలేదు. పక్కకు జరిగి వేపచెట్టు కింద కూర్చుంది.

రెండు గంటల తర్వాత మా ఆయా ఒకామె ఆమెను చూసింది. ఈ ఆయమ్మది ఏటూరునాగారం వైపు, కోయ భాష తెలుసు. దగ్గరకు వెళ్లి ఎందుకు కూర్చున్నావని అడిగితే ఆ తల్లి, "నాకు కార్డు లేదక్కా. కార్డు లేనోళ్లకు మందులు ఇయ్యరు గద" అని చెప్పిందట. అప్పటికే బిడ్డ ఒళ్లు కాలిపోతున్నది. రక్తపు చుక్క తీసి చూస్తే మలేరియా. వెంటనే చేర్చుకొని మందు మొదలుపెట్టాము. దేవుని దయవలన బిడ్డ కోలుకున్నది.

కాని ఆ రెండు గంటల సంగతి మమ్మల్ని చాలాకాలం బాధించింది. ఆమెను ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ కసురుకోలేదు. మేము అడిగిన ఒక్క ప్రశ్నే ఆమెను కిటికీ నుండి వేపచెట్టు కిందకు పంపింది. ఆ తర్వాతి నెలల్లో మన సంఘ కుటుంబాల సహాయ నిధితో అటువంటి ఇళ్లకు బియ్యం, మందులు తీసుకొని వెళ్లినప్పుడు కూడా ఇదే పాఠం మళ్లీ మళ్లీ ఎదురైంది. ఆ అనుభవాన్ని మీతో పంచుకోవడానికే ఈ వ్యాసం.

వీరు ఎవరు?

ఆ తల్లి గుత్తికోయ. వరంగల్ వాసులకు ఈ పేరు కొత్త కాదు. ములుగు, జయశంకర్ భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అడవులలో వీరి గూడేలు ఉన్నాయి. వీరిలో చాలామంది ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతం నుండి వచ్చినవారు. 2005లో అక్కడ మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. ఒక ప్రక్క ఆ దళాలు, మరొక ప్రక్క మావోయిస్టులు, నడుమ అడవి పల్లెలు. ఇళ్లు తగులబడ్డాయి, ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలాది మంది ప్రాణాలు దక్కించుకోవడానికి ఇటు వచ్చారు. సల్వాజుడుం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పింది. అప్పటికి వీరి పిల్లలు ఇక్కడే పుట్టి నడక నేర్చారు.

వీరు పరాయి దేశస్థులు కారు, మన దేశ పౌరులే. కాని రాష్ట్రం హద్దు దాటేసరికి కాగితాల లెక్కలో ఎవరికీ చెందనివారయ్యారు. అక్కడ షెడ్యూల్డు తెగగా గుర్తింపు ఉన్నవారికి ఇక్కడ ఆ గుర్తింపు లేదు. కొందరికి ఓటరు కార్డు, ఆధార్ వచ్చాయి. చాలామందికి ఏదీ లేదు. పోడు భూముల తగాదాల వలన ఎప్పుడు ఖాళీ చేయమంటారో అనే భయం వేరే. అందుకే ఎవరైనా పుస్తకం, పెన్ను పట్టుకొని గూడెంలోకి వస్తే ముందుగా మగవారు అడవిలోకి జారుకుంటారు.

వీరితోపాటు ఏటా మిరప ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చే కూలీలు ఉన్నారు. గోదావరి ఒడ్డు మండలాల్లో మిరప పండే కాలంలో వీరు లేనిదే కాయ చెట్టు దిగదు. మన ఎనుమాముల మార్కెట్‌లో ఎర్రగా రాశులు పోసిన మిర్చిని చూస్తాము కదా, అందులో వీరి చేతి కష్టం ఉంది. 2020లో లాక్‌డౌన్ సరిగ్గా ఆ కాలంలోనే వచ్చింది. పని ఆగింది, బస్సు ఆగింది. తెలంగాణ నుండి వలస కూలీలతో మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లిలో బయలుదేరినది మే 1న. అప్పటిదాకా చాలామంది ఆగలేకపోయారు. ములుగు జిల్లా మిరప తోటలకు వచ్చిన 12 ఏళ్ల ఆదివాసీ బాలిక ఒకతె తోటివారితో కలిసి అడవి దారిన కాలినడకన బయలుదేరింది. మూడు రోజులు నడిచి, ఏప్రిల్ 18న ఇల్లు చేరకముందే కన్నుమూసింది. ఆమెకు కరోనా లేదని పరీక్షలో తేలింది. ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోవడమే కారణం కావచ్చునని అధికారులు చెప్పారు. నర్సులమైన మాకు ఆ వార్త చదవడం కష్టమైంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు ధర ఎంతో మాకు తెలుసు.

రెండు జాబితాల మధ్య

ప్రభుత్వం ఏమీ చేయలేదని మేము అనడం లేదు. 2020 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఆహార భద్రత కార్డు ఉన్న 87 లక్షలకు పైగా కుటుంబాలకు మనిషికి 12 కిలోల చొప్పున ఉచిత బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ప్రకటించింది. కార్డు లేని వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యం లేదా గోధుమపిండి, 500 రూపాయలు ప్రకటించింది. మే 14న కేంద్ర ప్రభుత్వం కార్డులు లేని వలస కూలీల కోసం రెండు నెలలపాటు మనిషికి 5 కిలోల ధాన్యం, కుటుంబానికి కిలో శనగలు ఇస్తామన్నది. ఇవి చాలా ఇళ్లలో పొయ్యి వెలిగించాయి.

మరి మేము వెళ్లిన గూడేలలో ఎందుకు అందలేదు? కారణం అక్కడికి వెళ్లాకే అర్థమైంది. గుత్తికోయలు వచ్చి పదిహేనేళ్లు అయింది, కనుక ఆ ఏడాది వచ్చిన వలస కూలీల జాబితాలో వారి పేరు రాయలేదు. రేషన్ కార్డు లేదు, కనుక ఆ జాబితాలోనూ లేరు. రెండు జాబితాల మధ్య ఉన్న సందులో వారు పడిపోయారు. పైగా జాబితాలు రాసేవారు ఇటుక బట్టీలు, రైసు మిల్లులు, కడుతున్న భవనాల వద్దకు వెళ్లగలిగారు. బండి వెళ్లే దారి లేని గూడెం సంగతి వేరు. ఆ రోజులలో ములుగు శాసనసభ్యురాలుగా ఉన్న సీతక్క గారు ట్రాక్టరుపైన, ఎడ్లబండిపైన, కాలినడకన ఆ గూడేలకు సరుకులు చేర్చిన సంగతి పత్రికలలో మీరు చదివే ఉంటారు. అటువంటి చోట్లకు మనిషి నడిచి వెళ్లితే తప్ప సాయం అందదు.

పిడికెడు బియ్యంతో మొదలు

మన సంఘంలో స్త్రీలు వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు ప్రక్కన కుండలో వేయడం పాత అలవాటు. లాక్‌డౌన్‌లో ఆదివారం కూడికలు ఆగిపోవడంతో ఆ కుండలు ఇళ్లలోనే నిండిపోయాయి. పెద్దలు ఇద్దరు పోలీసు పాసు తీసుకొని ఇంటింటికి తిరిగి ఆ బియ్యం పోగుచేశారు. ఆసుపత్రి సిబ్బంది ఒక రోజు జీతం ఇచ్చారు. కొందరు పెండ్లి ఖర్చు తగ్గించుకొని మిగిలిన డబ్బు తెచ్చి ఇచ్చారు. దానితో కందిపప్పు, నూనె, ఉప్పు, ఉల్లిగడ్డ, సబ్బులు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు కొన్నాము. సర్పంచిని, ఆశా కార్యకర్తను ముందుగా కలిసి, ఆసుపత్రి జీపులో బయలుదేరాము.

మంచి మనసుతో చేసినా తప్పులు జరిగాయి. వాటిని దాచుకోవడం వలన ఎవరికీ ప్రయోజనం లేదు.

మొదటి తప్పు: ఒక మేస్త్రీ ఇచ్చిన జాబితాను నమ్మాము. అందులో అతని దగ్గర పనిచేసేవారి పేర్లే ఉన్నాయి. గూడెం చివర ఉన్న ఒంటరి స్త్రీలు, ముసలివారు లేరు.

రెండవ తప్పు: దాత ఒకరు ఇచ్చారని గోధుమపిండి తీసుకొని వెళ్లాము. వారు తినేది అన్నం, అంబలి. రొట్టె చేసే పెనం ఆ ఇళ్లలో లేదు. పిండి బస్తాలు వెనక్కి తెచ్చాము.

మూడవ తప్పు అన్నిటికంటె పెద్దది. దాతలకు చూపించాలని ఫోటోలు తీయబోయాము. అప్పటివరకు మా దగ్గర నిలబడిన స్త్రీలు ముఖాలు కొంగుతో కప్పుకొని వెనక్కి వెళ్లిపోయారు. ఈ ఫోటోలు ఏ ఆఫీసుకు పోతాయో, రేపు ఎవరు వచ్చి గుడిసెలు పీకమంటారో అని వారి భయం. పని కావడానికి మరో అరగంట పట్టింది. ఆ అరగంట మా ఆయమ్మ ఒక్కతే మాట్లాడింది, మేము నోరు మూసుకొని నిలబడ్డాము.

ఆ రోజు నుండి పద్ధతి మార్చుకున్నాము. కార్డు అడగము, ఫోటో తీయము. మా నోటు పుస్తకంలో రాసుకునేవి నాలుగే: ఇంట్లో ఎంతమంది, ఐదేళ్లలోపు పిల్లలు ఎందరు, గర్భవతి గాని బాలింత గాని ఉన్నదా, జ్వరంతో ఎవరైనా పడుకొని ఉన్నారా. పంచేది మేము కాదు. గూడెం స్త్రీలే ఇద్దరిని ఎన్నుకుంటారు, వారే ఇంటింటికి కొలిచి ఇస్తారు. ఎవరి ఇంట్లో ఎన్ని నోళ్లు ఉన్నాయో మా పుస్తకం కంటె వారికే బాగా తెలుసు.

"మరి లెక్క ఎట్లా చూపిస్తారు?" అని సంఘపెద్ద ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఇచ్చిన ప్రతి రూపాయికి జవాబు చెప్పవలసినదే. అందుకని కిరాణా దుకాణం బిల్లులు, బియ్యం తూకం చీటీలు, పంచిన ఇద్దరు స్త్రీల వేలిముద్రలు ఫైలులో పెట్టాము. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చును. తీసుకున్నవారి పేర్లు మాత్రం నోటీసు బోర్డు మీద పెట్టలేదు. రోగి జబ్బు సంగతిని వార్డు బయట చెప్పము కదా, ఇదీ అంతే.

"మనవాళ్లు లేరా?"

ఇంకొక ప్రశ్న కూడా వచ్చింది. "మన పేదలే ఇంతమంది ఉండగా బయటివాళ్లకు ఎందుకు?" అని. దీనికి మేము జవాబు వెతుక్కుంటూ ఉండగా, కరీంనగర్ వైపు నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక తల్లి లేచి చెప్పింది: "మా పెద్దోడు కువైట్‌ల ఖల్లివెల్లి అయ్యిండు. రెండు నెలల నుంచి పని లేదు. ఎవరో కేరళోళ్లు రోజు అన్నం పొట్లం ఇచ్చి పోతున్నరట. వాళ్లు మావోన్ని కార్డు అడుగలేదు."

ఖల్లివెల్లి అనే మాట మన తెలంగాణ పల్లెల్లో అందరికీ తెలుసు. యజమాని దగ్గరనుండి బయటపడి, వీసా గడువు తీరి, కాగితాలు లేకుండా గల్ఫ్‌లో ఉండిపోయినవారిని అట్లా అంటారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ జిల్లాల ఇళ్లలో ఇటువంటి కొడుకులు ఎందరో. కరోనా వచ్చినప్పుడు వారి పరిస్థితి ఇక్కడి గుత్తికోయల పరిస్థితే. ఆసుపత్రికి పోతే పట్టుకుంటారని భయం, గదిలో ఉంటే ఆకలి.

కువైట్ ప్రభుత్వం 2020 ఏప్రిల్ నెలలో క్షమాభిక్ష ప్రకటించింది. వీసా గడువు దాటినవారు జరిమానా లేకుండా స్వదేశం వెళ్లవచ్చునని, విమాన టికెట్టు కూడా తామే ఇస్తామని చెప్పింది. కాని భారతదేశానికి విమానాలు లేవు. నమోదు చేసుకున్నవారు శిబిరాలలో వారాల తరబడి ఎదురుచూశారు. మే 7న వందే భారత్ మిషన్ మొదలైన తర్వాతనే విమానాలు కదిలాయి.

ఆ రోజులలో ఉపయోగపడిన ఒక నిధి గురించి గల్ఫ్ కుటుంబాలు తప్పక తెలుసుకోవాలి. దానిపేరు భారతీయ సమాజ సంక్షేమ నిధి. 2009లో మన ప్రభుత్వం విదేశాలలోని రాయబార కార్యాలయాలలో దీనిని మొదలుపెట్టింది. పాస్‌పోర్టు వంటి పనుల కోసం వచ్చే మనవారి దగ్గర తీసుకునే చిన్న రుసుముతోనే ఇది నిండుతుంది. ఇదీ ఒకరకంగా పిడికెడు బియ్యమే. చిక్కుకుపోయినవారికి తిండి, వసతి, అత్యవసర వైద్యం, తిరుగు ప్రయాణపు టికెట్టు, చనిపోయినవారి మృతదేహాన్ని ఇంటికి చేర్చడం వంటివాటికి దీనినుండి ఖర్చు పెడతారు. మీ ఇంటివారు గల్ఫ్‌లో ఆపదలో ఉంటే రాయబార కార్యాలయంలో ఈ నిధి పేరు చెప్పి అడగమనండి.

పెద్ద దేశాలలోనూ ఇదే కథ. 2020 మార్చిలో అమెరికా ప్రభుత్వం ప్రజలకు సహాయపు చెక్కులు ప్రకటించినప్పుడు, కాగితాలు లేని వలసవారికి అవి రాలేదు. అప్పుడు కాలిఫోర్నియా రాష్ట్రం ఏప్రిల్‌లో 12 కోట్ల 50 లక్షల డాలర్ల నిధి ప్రకటించింది. అందులో 7 కోట్ల 50 లక్షలు ప్రభుత్వానివి, మిగిలిన 5 కోట్లు దాతల నుండి సమకూర్చాలని తలపెట్టారు. ప్రభుత్వం వాటా నుండి మనిషికి 500 డాలర్లు, ఇంటికి 1,000 డాలర్లకు మించకుండా ఇచ్చారు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ డబ్బును ప్రభుత్వ ఆఫీసు కిటికీ నుండి పంచలేదు. వలసవారి భాష తెలిసిన, వారు నమ్మే స్థానిక సేవాసంస్థల చేత దరఖాస్తులు తీసుకొని ఇప్పించారు. అంత పెద్ద నిధికి కూడా మా ఆయమ్మవంటి మనిషి కావలసి వచ్చిందన్నమాట.

బియ్యంతోపాటు బయటపడిన జబ్బులు

బియ్యం బస్తాతో వెళ్లిన ప్రతిసారి ఒక నర్సు కూడా వెళ్లింది. ఆ నాలుగు ప్రశ్నల వలన కరోనా కంటె ముందు వేరే జబ్బులు కనబడ్డాయి: పిల్లలలో బరువు తగ్గడం, గర్భవతులలో రక్తహీనత, చలిజ్వరం, గజ్జి. లాక్‌డౌన్‌లో పిల్లల టీకాలు కూడా తప్పిపోయాయి. ఒంటరిగా మందు ఇస్తే ఖాళీ కడుపున తిని వాంతి చేసుకుంటారు. తిండి ఒక్కటే ఇస్తే జ్వరం తిననివ్వదు. రెండూ కలిసి వెళ్లాలి.

2021లో కోవిడ్ టీకాలు వచ్చాక మళ్లీ అదే చిక్కు వచ్చింది. కార్డు చూపందే పేరు ఎక్కదని జనం అనుకున్నారు. నిజానికి గుర్తింపు కార్డులు లేనివారికి కూడా టీకా వేయాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2021 మేలో ప్రత్యేక పద్ధతి ప్రకటించింది. నియమం ఉన్నా అది గూడెం దాకా చేరలేదు. చెప్పేవారు ఉంటేనే నియమం పనికివస్తుంది. ఆ పని నర్సులు, ఆశా కార్యకర్తలు, మీవంటి సంఘస్థులు చేయగలరు.

మనం చేయగలిగినవి

నిధి అనేది ఆపద దాటించే పడవవంటిది, అదే ఇల్లు కాదు. ఏటేటా బియ్యం మోసుకొని వెళ్లడం కంటె వారి పేరు సరియైన పుస్తకంలో ఎక్కేటట్లు చూడటం మేలు. ఈ క్రింది విషయాలు గుర్తుంచుకోండి.

1. కాన్పు ఆసుపత్రిలోనే జరగనివ్వండి. పుట్టిన 21 రోజులలోపు నమోదు చేస్తే రుసుము లేదు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం మొదలు అనేక పనులకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే కావాలి. తల్లిదండ్రులకు ఆధార్ లేదని నమోదు మానవద్దు. బిడ్డకు అదే మొదటి కాగితం.

2. వేరే రాష్ట్రపు రేషన్ కార్డు ఉన్న కూలీలకు "ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు" పద్ధతిలో ఇక్కడి చౌకధరల దుకాణంలోనే తమ వంతు ధాన్యం తీసుకునే వీలున్నది. చాలామందికి ఇది తెలియదు. మీ పొలంలో, మీ ఇంటి పనిలో ఉన్నవారికి చెప్పండి.

3. 2021 జూన్ 29న సుప్రీంకోర్టు వలస కార్మికులకు ధాన్యం, వంటశాలల సదుపాయం రాష్ట్రాలు కల్పించాలని ఆదేశించింది. ఆ సంవత్సరం ఆగస్టులో అసంఘటిత కార్మికుల నమోదు కోసం ఈ-శ్రమ్ మొదలైంది. ఆధార్ ఉన్న కూలీల పేరు అందులో ఎక్కించడానికి మీ ఇంటి చదువుకున్న పిల్లలు సాయపడవచ్చును.

4. ఎండలో నడిచి వచ్చినవారు నీరసంగా కనబడితే వెంటనే ఓఆర్‌ఎస్ నీళ్లు కొద్దికొద్దిగా తాగించండి. ప్యాకెట్టు లేకుంటే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే తలకొట్టిన టీ చెంచా. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయవద్దు, ఆసుపత్రికి తీసుకురండి.

5. అడవి ప్రాంతం నుండి వచ్చినవారికి జ్వరం వస్తే అదే రోజు మలేరియా పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఈ పరీక్ష, మందు ఉచితం.

6. సాయం పంచేటప్పుడు ఫోటో తీయవద్దు. తప్పనిసరైతే సరుకుల బస్తాలను తీయండి, ముఖాలను వద్దు.

మా ఆసుపత్రిలో చీటీ రాసే కిటికీ దగ్గర ఇప్పుడు మొదటి ప్రశ్న మారింది. "ఏం బాధ అమ్మా?" అని ముందు అడుగుతారు. పేరు, ఊరు తర్వాత. కార్డు ఉంటే చివరన రాసుకుంటారు, లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. కొత్తగా చేరిన గుమాస్తాలకు కూడా మొదటి రోజే ఈ సంగతి చెప్తున్నాము.

పిడికెడు బియ్యపు కుండను మాత్రం ఆపవద్దని సంఘ కుటుంబాలకు మా మనవి. జబ్బు చెప్పి రాదు. 2020లో ఆ కుండలు ముందే నిండి ఉండబట్టే మేము మొదటి వారంలోనే జీపు ఎక్కగలిగాము. లేకపోతే చందాలు పోగుచేయడానికే నెల గడిచేది. ప్రతి నెల మొదటి ఆదివారం కుండలోని బియ్యం తెచ్చి ఇవ్వండి. పాతబడిన బియ్యాన్ని అవసరమున్న రోగుల వంటకు వాడి, కొత్త బియ్యం నిలువ పెడుతున్నాము. లెక్క పుస్తకం నర్సింగ్ ఆఫీసులో ఉంటుంది. వచ్చినప్పుడు అడిగి చూడండి.